నడిమి గోడ

శివరాత్రి పండుగ, పొద్దు వాలుతున్న వేళ. నాచారం ఫ్యాక్టరీల వెనక, ఇంకా ఇళ్ళు నిండని ప్లాట్లలో రెండు గదుల ఇల్లు ఒకటి. అందులో ఒక గది కూలిపోయింది, వంటగది నిలబడి ఉంది. ఉప్పల్ నుంచి సైకిలు తొక్కుకుంటూ వచ్చిన ఆశీర్వాదం, వంటగది గడప మీద కూర్చున్న చెల్లెలు సాలమ్మ ముందు నిలబడ్డాడు.

“నిన్నే అడిగేది! ఈ నెత్తురేందంటున్న!”

“ఏం గాలే. కూసో అన్నా.”

“ఏం గాలేదా? అద్దంల మొఖం సూస్కున్నవా? కన్ను మూస్కపోయింది. పెదిమె పగిలింది. ఆ సెయ్యేంది గట్ల ఏలాడుతుంది?”

“మణికట్టు ఇర్గినట్టుంది. ముట్టకు. ముట్టకన్నా!”

“సరే, సరే, ముట్ట. ఎవడు? వాడేనా?”

“మీ గల్లీ కిరాణ షాపాయన ఏం జెప్పిండు నీకు?”

“మీ చెల్లె ఫోన్ జేసింది, జల్ది రమ్మన్నదని జెప్పిండు. గంతే. ఎనిమిదేండ్లకు చెల్లె ఫోన్ జేసిందంటె ఏమనుకోవాలె? వాడేనా, కాదా?”

“కొమురెల్లే.”

“ఇల్లేంది గిట్లయింది? ఎటు జూసినా దుమ్మే ఉన్నది.”

“కొట్టిండు.”

“నిన్నా, ఇంటినా?”

“ముందు నన్ను. తర్వాత ఇంటిని.”

“ఎందుకు?”

“తన సగం తనకు కావాల్నట.”

“సగమేంది? వాని ఇల్లు వాడే కూలగొట్టుకున్నడా?”

“ఆయన ఇల్లని ఎవరన్నరు? ఇద్దరిదన్నా. కాగితంల ఇద్దరి పేర్లున్నయి.”

“నీ పేరు గూడనా? నేనైతే నువ్వు వాని ఇంట్ల ఉంటున్నవనుకున్న.”

“అందరు గట్లనే అనుకుంటరు. ఈ జాగ కొన్నది నా మిల్లు జీతంతోని. ఇటుక, సున్నం ఇద్దరం కలిసి తెచ్చినం. ఇనుప గడ్డర్లు, పై కప్పుకు షాబాదు బండలు ఆయన ఫ్యాక్టరీల లోన్ వెట్టి తెచ్చిండు.”

“పేర్లు రాయించినప్పుడు ఏమని రాయించిండ్రు? పెండ్లామనా?”

“రాసేటాయన అడిగిండు, ఈమె నీకు ఏమైతదని. కొమురెల్లి నవ్విండు. అప్పుడు మంచిగ నవ్వేటోడు. సగమైతది, రాయి అన్నడు.”

“సిగ్గు లేని మాట.”

“నాకు ఆ దినం సిగ్గనిపియ్యలే. సంబురమనిపిచ్చింది.”

“లగ్గం లేకుంట ఒక్క ఇంట్ల ఉంటే గిట్లనే అయితది. నాన్న అప్పుడే మొత్తుకున్నడు.”

“లగ్గం ఎవరు కానిచ్చిండ్రు అన్నా? చర్చిల అంటే వాళ్ళోళ్ళు ఒప్పుకోలే. గుళ్ళె అంటే మీరు ఒప్పుకోలే. రిజిస్టర్ ఆఫీసుల జేస్కుందామంటే ఇద్దరి తల్లులు పురుగుల మందు దాగుతమన్నరు. ఇగ ఆయనే అన్నడు, ఇల్లు గడ్దాం సాలమ్మా, ఈ ఇల్లే మన లగ్గమనుకుందాం అని.”

“అని మల్ల ఎటు వోయిండు?”

“వాళ్ళ చెల్లెండ్లకు సంబంధాలు వస్తలెవ్వు, నా పేరు జెప్పంగనే తిరిగి వోతున్నరు. వాళ్ళమ్మ ఏడ్సుకుంట ఈ గడప కాడికి వచ్చింది. దసరకు ఊరికి వోయిండు, మల్ల రాలే. కీసర దిక్కు పిల్లతోని లగ్గమైందని పక్కింటోళ్ళు జెప్తె తెలిసింది.”

“అప్పుడన్న ఇంటికి రావాలె గదా నువ్వు!”

“ఏ ఇంటికి?”

“మన ఇంటికి.”

“ఇది నా ఇల్లు గదా.”

“మొండిదానివి. సిన్నప్పటి నుంచి గంతే. ఇటు దిక్కు వచ్చి కూసో, ఆ మిగిలిన నడిమి గోడ ముక్క గూడ పడేటట్టుంది.”

“పడది. నేను ఈడనే ఉంట.”

“గోడకు చెవి ఆనిచ్చి గట్లెందుకు కూసుంటవ్? తల తిర్గుతుందా?”

“కొంచెం. నువ్వు అడుగు, నేను జెప్త.”

“దసరకు వోయినోడు ఈడికి ఎందుకొస్తున్నడు మల్ల?”

“కీసర పిల్లను తెచ్చి ఈడ కాపురం వెడ్తనన్నడు. నన్ను ఎల్లమన్నడు. నేను ఎల్ల అన్న. ముందుగాల తియ్యగనే అడిగిండు. మల్ల కరెంటు వైరు తెంపిండు. మల్ల వాళ్ళ తమ్ముండ్లను తెచ్చి నా సామాను బైట పడేసిండు. బియ్యం మట్టిల కల్సినయి. నేను మల్ల లోపల వెట్టిన.”

“ఊకెనే సూస్కుంట కూసున్నవా?”

“లేదు. పొయ్యి మీద గంజి ఉడుకుతుండె. గిన్నెకు గిన్నె ఆయన కాళ్ళ మీద గుమ్మరించిన.”

“మంచి పని జేసినవ్!”

“మంచి పనేం గాదు అన్నా. తోలు ఊసొచ్చింది. మనిషి కుక్క లెక్క అరిసిండు. అప్పటి నుంచి ఇద్దరికి సిగ్గు వోయింది. ఎక్కడ దొరికితె అక్కడ కొట్టుకున్నం.”

“ఠాణాకు వోకపోతివా?”

“పోయిన. మొగుడు పెండ్లాల లొల్లి ఇంట్ల సూస్కోండ్రి అన్నరు. మొగుడు గాదు అన్న. గయితే మాకు అసలే పని లేదు అన్నరు.”

“నవ్విండ్రా?”

“నవ్విండ్రు.”

“లంజకొడుకులు.”

“ఉప్పల్ల ఒక వకీలు తాన్కి వోయిన. ఆయన నవ్వలే. కుర్సీ ఏసి ఇడమర్సి జెప్పిండు. పెండ్లి లేదు గాబట్టి పెండ్లాం లెక్క ఏం అడగరాదు అమ్మా, ఖర్సు అడగరాదు, జీతంల పాలు అడగరాదు. గని కాగితంల పేరున్నది గాబట్టి ఇల్లు సగం నీదే అన్నడు. నిన్ను ఆయన ఎల్లగొట్టలేడు, ఆయనను నువ్వు ఎల్లగొట్టలేవు అన్నడు.”

“మరి ఏ గది నీది?”

“నేను గూడ గదే అడిగిన. ఏ గది ఎవరిది గాదన్నడు. కోర్టు పంచెదాంక ప్రతి ఇటుక ఇద్దరిదే అన్నడు.”

“ప్రతి ఇటుకనా?”

“ప్రతి ఇటుక.”

“ఈ మాట వానికి జెప్పకపోయినవ్?”

“జెప్పిన. అందుకే సమ్మెట వట్టుకొని వచ్చిండు. కోర్టుకు వోతె ముసలోన్నైత, నేనే పంచుత అన్నడు.”

“ఎప్పుడొచ్చిండు?”

“పగటీలి. ఈడ ఉన్నోళ్ళందరు కీసరగుట్ట జాతరకు వోతున్నరు. ఆటో దిగి ఆ మూల మీద నిలవడ్డడు. ఆఖరి జీపు వొయ్యేదాంక నిలవడ్డడు. మల్ల లోపలికొచ్చిండు. తాగి ఉన్నడు.”

“నువ్వు తలుపు తీసినవా?”

“ఆయనది గూడ గదా ఆ తలుపు.”

“యేసయ్యా, ఏం మాటలు మాట్లాడుతున్నవే!”

“ఏ సగం కావాల్నో నువ్వే జెప్పు, ఇంకో సగం కూలగొట్టుకపోత అన్నడు. సగం లేదు, అంతా ఇద్దరిదే అన్న. జుట్టు వట్టి మొఖం గడపకు గుద్దిండు. ఈ గడపకే. మల్ల లేపి ఇంకోసారి గుద్దిండు.”

“సాలమ్మా...”

“ఇంటవా, ఏడుస్తవా?”

“ఇంటున్న.”

“నేను పొయ్యి కట్టె తీసి నెత్తి మీద ఏసిన. చెవి పగిలింది. గుంజుకొని కడుపుల తన్నిండు. నేను పడ్డంక నడిమి గోడ కాడికి వోయి సమ్మెట లేపిండు. ఆ గోడ వద్దు కొమురెల్లీ, గడ్డర్ దాని మీదనే కూసున్నది, మీద వడ్తది అన్న.”

“వానికి తెల్వదా?”

“ఇల్లు గట్టేటప్పుడు ఆయన షిఫ్టు డ్యూటీల ఉండె. మేస్త్రి ఎంబడి ఉన్నది నేను. గోడలకు నీళ్ళు గొట్టింది నేను. ఆ మాట అంటే, నువ్వు మేస్త్రివైనవా అని సమ్మెట కట్టెతోని సేతి మీద ఏసిండు. లోపల సప్పుడు ఇనవడ్డది.”

“ఎముకనా?”

“ఊ.”

“వాని సేతులు ఇరగ! మల్ల?”

“మల్ల అడిగిండు, సరిగ నడుమ ఏడొస్తదని. బొగ్గు తీస్కొని నేనే గీత గీసిన. ఎడమ సేత్తోని. ఆ గోడ మీదనే.”

“నువ్వు గీసినవా?”

“నేనే. ఇగ గడ్డర్ సంగతి ఎత్తలే. ఒక్కసారి జెప్పిన, సెయ్యి ఇర్గింది. రెండోసారి జెప్పలే.”

“జెప్పకు! వానికి జెప్పేదేంది! దొర్కనియ్యి వాన్ని.”

“దొర్కితే ఏం జేస్తవ్?”

“ఏం జేస్తనా? అదే సమ్మెటతోని తలకాయ పలగ్గొడ్త.”

“నిజంగనా?”

“బైబిల్ మీద సెయ్యి వెట్టి జెప్తున్న. మా గల్లీల పోరగాండ్లను తీస్కొని కీసరకు వోత. కొత్త పెండ్లాం ముంగటనే సంపుత.”

“ఆయన గిట్ల దెబ్బ తాకి, లేవరాక, నీ ముంగట వడి ఉంటే?”

“మీద మన్ను వోస్త.”

“నువ్వు చర్చిల పాటలు పాడిపిస్తవు గదా అన్నా.”

“చర్చి వేరే. ఇజ్జత్ వేరే. నా చెల్లె మొఖం గిట్ల జేసినోన్ని ఇడిసిపెడ్తనా?”

“నువ్వు గూడ కొట్టినవ్. నేను ఇంట్లకెల్లి ఎల్లిన దినం. బెల్టుతోని.”

“అది... అది నీ మంచికి.”

“ఆయన గూడ గట్లనే అన్నడు.”

“వాన్ని నన్ను ఒక్క కాడ కడ్తున్నవా? సైకిలు తొక్కితొక్కి ఊపిరాడలే నాకు! ఎవరి కోసం వచ్చిన?”

“వొర్లకు అన్నా. జర మెల్లగ మాట్లాడు. జర సేపు ఏం మాట్లాడకుంట ఊకో.”

“ఊకోను! ఎందుకు ఊకుంట? ఎనిమిదేండ్లు ఊకున్న!”

ఇంటి ముందు జీపు ఆగింది. పొరుగు ప్లాటు హన్మయ్య దిగివచ్చాడు.

“సాలమ్మక్కా! ఓ అక్కా! గిదేంది, ఇల్లు గూలిందా?”

“ఎవరు నువ్వు?”

“పక్క ప్లాటోన్ని సార్, హన్మయ్యను. గుట్ట కాడికెల్లి వస్తున్నం. అక్కా, మొఖమేందే గట్లుంది? బండలు మీద వడ్డయా?”

“పడ్డయి. నేను వాళ్ళ అన్నను. నేను సూస్కుంట.”

“లోపల ఎవరన్న ఉన్నరా సార్?”

“ఎవరు లేరు. మా చెల్లె ఒక్కతే ఉండె.”

“మేము జీపెక్కంగ కొమురెల్లన్న మూల మీద నిలవడి ఉండె. అందుకని అడుగుతున్న.”

“ఉండె వాడు. పోయిండు. నువ్వు గూడ వో.”

“నలుగురం మొగోళ్ళం ఉన్నం సార్ జీపుల. పలుగు గూడ ఉన్నది. జర సేపట్ల ఆ బండలు తీసి పక్కకు వెడ్తం.”

“అన్నా, తియ్యనియ్యరాదు?”

“నువ్వు నోరు ముయ్యి. అక్కర్లేదు హన్మయ్యా. మా ఇంటి ముచ్చట ఇది.”

“గడ్డర్ లేపాల్నంటే ఒక్కరితోని కాదు సార్. రేపు మీరే పిలుస్తరు.”

“అన్నా, తియ్యనియ్యి. వాళ్ళు తీస్తమంటున్నరు గదా.”

“ఊరందరు వచ్చి సూడాల్నా నిన్ను? ఆ మొఖం, ఆ చినిగిన రైక? అక్కర్లేదని జెప్పిన గదా హన్మయ్యా!”

“గంత గరం ఎందుకైతవ్ సారూ? అక్కా, నువ్వేమంటవ్? తియ్యమంటవా?”

సాలమ్మ గోడకు చెవిని ఇంకా గట్టిగా ఆనించింది.

“అక్కా?”

“అన్న జెప్పిండు గదా.”

“సరే నీ ఇష్టం. ఇగో, గుట్ట మీది ప్రసాదం. మీరు దీస్కోరేమో...”

“ఇయ్యి. తీస్కుంట.”

“పానం బాగ సూస్కో అక్కా. దవాఖానకు వోండ్రి జల్ది.”

జీపు కదిలి మెయిన్ రోడ్డు వైపు వెళ్ళిపోయింది.

“పోయిండ్రు.”

“పోనియ్యి. ఈ సంగతి నాలుగు నోళ్ళల్ల వడితే మనకేం మిగుల్తది? నడువు, లే. సైకిలు మీద కూసో, దవాఖానకు వోదాం. సెయ్యికి కట్టు కట్టిపిచ్చినంక వాని సంగతి సూస్త.”

“నేను రాను.”

“ఎందుకు రావు?”

“రాను.”

“నీ ఇల్లు ఎవడు ఎత్కపోడే! ఉన్నదే సగం.”

“వకీలు ఇంకో మాట గూడ జెప్పిండు అన్నా. ఆయన సస్తే ఆయన సగం నాకు రాదట. వాళ్ళమ్మకు, కీసర పిల్లకు వోతదట. లగ్గమైంది గదా ఆమెకు.”

“ఇప్పుడు ఆ ముచ్చట ఎందుకు?”

“ఇంటి కోసం గాదని జెప్తున్న.”

“ఏది ఇంటి కోసం గాదు? తలకు దెబ్బ తాకి ఏదేదో మాట్లాడుతున్నవ్. సరే, గిది జెప్పు. గోడ కూలగొట్టినంక వాడు ఎటు వోయిండు? కీసరకేనా? ఎన్కకు ఆటోలనే వోయిండా?”

“లేదు.”

“నడుసుకుంట వోయిండా?”

“లేదు.”

“మరి ఎటు వోయిండే?”

“ఎటు వోలే అన్నా. తన సగంలనే ఉన్నడు.”

“ఏంది?”

“ఆ బండల కింద. గోడ వొయ్యంగనే గడ్డర్ నడుము మీద వడ్డది. పై బండలన్ని దాని మీద వడ్డయి.”

“ప్రభువా! ఎప్పుడు?”

“నీకు ఫోన్ జెయ్యకముందు.”

“బతికున్నడా?”

“ఉండె. సాలమ్మా, బండ లేపు, ఊపిరాడుతలేదు అన్నడు. నేను సూస్కుంట నిలవడ్డ. మస్తు సేపు నిలవడ్డ. మల్ల ఈ ఒక్క సేత్తోని లేపి సూసిన. గోర్లు ఊసొచ్చినయి, బండ కదల్లే. అప్పుడు మెయిన్ రోడ్డు మీది డబ్బా ఫోన్ కాడికి ఉరికి వోయి నీకు ఫోన్ జేసిన.”

“నేను వచ్చినప్పుడు?”

“మూల్గుతుండె. నువ్వు వొర్లుతుంటివి, నీకు ఇనవడలే. నేను గోడకు చెవి వెట్టి ఇంటనే ఉన్న.”

“అరే, మరి జెప్పవేందే! లే! పట్టు ఇటు! హన్మయ్యా! ఓ హన్మయ్యా!”

“పోయిండు. నువ్వే పంపినవ్.”

“ఈ బండ పట్టు. ఆ సేత్తోనన్న పట్టు! కొమురెల్లీ! అరే కొమురెల్లీ! ఇనవడ్తుందా? నేను, ఆశీర్వాదంను! ఒక్క మాట అనురా!”

“జీపు వొయ్యేదాంక ఉండె అన్నా. ఇప్పుడు సప్పుడు లేదు.”

“అబద్ధం! ఉంటడు. కొమురెల్లీ! కొమురెల్లీ!”

“లేదన్నా. నేను ఇన్న.”

“పోలీసులకు జెయ్యాల్సింది! దవాఖానకు జెయ్యాల్సింది! నన్నెందుకు పిలిచినవే? ఈ పాపం జూడనీకి నన్నెందుకు పిలిచినవ్?”

“లేపాల్నో, సావనియ్యాల్నో నాకు తెల్వలే అన్నా. నువ్వు దేవుని మనిషివి, వచ్చి లేపమంటవనుకున్న. వచ్చినకాంచి సంపుత సంపుతనే అన్నవ్.”